కుమ్మరుల ఊరి ప్లేటు

ఒక వాక్యము తెలుగున మొదలై కన్నడమున ముగియు మా రొళ్ల సీమలో గ్రామఫోను రికార్డును పెద్దవారు "ప్లేటు" అనియే యందురు. అన్నము తిను పళ్లెమునకును, పాట విను పళ్లెమునకును వారికి పేరొక్కటియే. ఈ నామసామ్యమును పల్లెటూరి అమాయకత్వమని తలచి చిన్ననాడు నేను నవ్వుకొన్నవాడను. కాని, అన్నము తిను ప్లేట్లకు లోకప్రసిద్ధి గాంచిన ఇంగ్లండులోని ఒక కుమ్మరుల నగరము, 1982లో, వినువారి చెవులు దిమ్మెక్కునట్టి ఒక పాటల ప్లేటును వెలువరించెననియు, దానిని ప్రకటించిన చిన్న సంస్థ పేరు "క్లే", అనగా సాక్షాత్తు మట్టియే యనియు తెలిసిన నాడు, ఆ నవ్వు నాకే తిరిగి వచ్చినది.

ఆ నగరము స్టోక్-ఆన్-ట్రెంట్. 1910లో ఆరు పట్టణములు కలిసి యొక్కటియై యేర్పడిన ఊరిది; ఆ పట్టణముల కథలు వ్రాసిన ఆర్నాల్డ్ బెనెట్ అను నవలాకారుడు అందొకదానిని విడిచి "ఐదు పట్టణములు" అని వాడుక చేసినందున, విడువబడిన ఫెంటన్ వాసులకు ఆయనపై కినుక కలిగినచో దానిని నేను తప్పు పట్టజాలను. జొసయా వెడ్జ్‌వుడ్ 1769లో ఎట్రూరియా అను కార్ఖానాను తెరచినది ఇచ్చటనే. ఆయనయే 1787లో, సంకెలలతో మోకరిల్లి చేతులు జోడించిన నల్లజాతి బానిస మూర్తిని చిన్న మట్టి బిళ్లపై ముద్రింపించి బానిస వ్యాపారమును ఎదిరించువారికి పంచిపెట్టెను. నాగరికులైన స్త్రీలు దానిని ఆభరణములలో పొదిగించుకొని ధరించిరి. మట్టిచేత నిరసన పలికించుట ఆ ఊరికి క్రొత్తవిద్య కాదని చెప్పుటకే యీ ప్రస్తావన.

పాటల పెద్ద ప్లేటునకు వాడు "ఆల్బమ్" అను మాటకు మూలార్థము తెల్లని పలక యని లాటిను విదులు చెప్పుదురు. ఆ పలక యెట్లు సంతకముల పుస్తకమై, ఛాయాపటముల పుస్తకమైనదో ఆ శతాబ్దముల కథ నిట విడిచెదను. నిమిషమునకు 78 సారులు తిరుగు ప్లేట్ల కాలమున, ఒక్కొక పక్క మూడు నాలుగు నిమిషములకంటె పట్టనందున, పెద్ద కృతిని పలు ప్లేట్లకు పంచి, వానిని పుస్తకమువలె కుట్టిన అట్టసంచులలో నుంచి అమ్మెడివారు. ఆ పుస్తకమునకు ఆల్బమ్ అని పేరు. ఆ ప్లేట్లకు ముఖ్యద్రవ్యము లక్క. అందధికభాగము మన దేశపు అడవులనుండి పోయినదే. పాండవులను కాల్చ జూచిన ద్రవ్యమే పాటలను మోసినదన్నమాట! 1948లో వినైలు ప్లేటు వచ్చి పుస్తకమును మ్రింగినది, పేరు మాత్రము మిగిలినది.

ఇక నా కభిమానమైన కాలము, 1977 మొదలు 1982 వఱకు. స్టోకు పాటల ప్లేటును పాడిన డిస్చార్జ్ అను బృందము 1977లో స్టోకులో పుట్టినప్పుడు ఇతరులను అనుకరించు కుర్రవాండ్ర గుంపు మాత్రమే. టెజ్ అను టెరీ రాబర్ట్స్ మొదట పాడెడివాడు. అతని సోదరుడు బోన్స్ గిటారు పట్టెను. రెయినీ యనువాడు మొదట గిటారు, పిదప బేసు వాయించెను. కొంతకాలమునకు, తమ సామాను మోయుచుండిన కెల్విన్ మోరిస్ అను వానిని గొంతుకు నిలిపి, టెజ్ డ్రమ్ముల వెనుక కూర్చుండెను. ఈ స్థానచలనము చిన్నదిగా తోచునుగాని, పుట్టినదంతయు అందుండియే పుట్టినది. పాదము క్రింది పెద్ద డోలును, కఱ్ఱ క్రింది చిన్న డోలును ఒకదాని నొకటి తరుముచు, ఎన్నడును పట్టుబడక, గుర్రపు దౌడువలె పాట పొడవునను సాగు నొక దరువు అతని చేతులలో స్థిరపడెను. బృందము పేరులోని తొలి యక్షరమునుబట్టి దానిని లోకము "డి-బీట్" అనినది. ఈ దౌడునకు వారు ఋణపడిన వారిలో మోటర్‌హెడ్ బృందమొకటి. దాని నాయకుడు లెమీ 1945లో పుట్టినది ఆ స్టోకునందలి బర్స్లెములోనే యన్నచో, ఆ నేలలోని మట్టికేదో గుణము కలదని నావంటివాడు అనుకొనక మానునా?

ఆ ఊరిలో రికార్డుల అంగడి నడపుచుండిన మైక్ స్టోన్ అను వాడు క్లే సంస్థను నెలకొల్పి, 1980లో తన మొదటి ప్రచురణగా వీరి చిన్న ప్లేటు "రియాలిటీస్ ఆఫ్ వార్"ను వెలువరించెను. లండను కంపెనీల గుమ్మములు ఎక్కనక్కరలేక, ఊరి అంగడివాడే ఊరి కుర్రవాండ్రను అచ్చొత్తించెను! పిదప మరికొన్ని చిన్న ప్లేట్లు వచ్చినవి. 1981 నాటి "నెవర్ అగెయిన్" అట్టపై, తుపాకి మొనకు గ్రుచ్చబడిన పావురము కనబడును. అది 1932లో జాన్ హార్ట్‌ఫీల్డ్ అను జర్మను చిత్రకారుడు కత్తిరించి యతికిన బొమ్మ. మొదటి మహాయుద్ధమున తనవారి ఆంగ్లద్వేషమునకు నిరసనగా హెర్ట్స్‌ఫెల్డ్ అను తన యింటిపేరును ఆంగ్లీకరించుకొన్న వాడాయన. హిట్లరు కాలమున పరుగెత్తి ఇంగ్లండునందే తలదాచుకొనెను.

1982 మే మాసమున వెలువడిన తొలి పెద్ద ప్లేటు పేరు "హియర్ నథింగ్ సీ నథింగ్ సే నథింగ్". అప్పటికి టెజ్ వెడలిపోయి, గ్యారీ మలోనీ యనువాడు ఆ దరువును చేపట్టియుండెను. పదునాలుగు పాటలు, అన్నియు కలిసి అరగంట నిండవు, చాలవఱకు పాత లక్కప్లేటు ఒక్కొక పక్కలో ఒదుగునట్టివే. మాటలు చాలవఱకు కొద్ది పంక్తులే. అట్టి ప్లేటు ఇంగ్లండు అమ్మకముల పట్టికలో 40వ స్థానము పొందినది. పేరు వినగానే మనకు మూడు కోతులు స్మరణకు వచ్చును. జపానులోని నిక్కో దేవాలయపు అశ్వశాలపై చెక్కబడిన ఆ కోతులు గాంధీగారి చేతికి వచ్చి, చెడు వినకు, కనకు, అనకు అను నీతిని బోధించినవి. స్టోకు కుర్రవాండ్ర నోట ఆ కోతులే దోషులైనవి.

కోపకారణము స్పష్టమే. 1979 డిసెంబరులో అమెరికా అణుక్షిపణులను ఐరోపాలో నిలుపుటకు నిర్ణయము జరిగినది. 1980లో ఆంగ్ల ప్రభుత్వము, అణుబాంబు పడినచో ఇంటి తలుపులను ఊడదీసి గోడకు వాల్చి, వానిపై మట్టిసంచులు పేర్చి, ఆ సందున దాగుడని ప్రజలకొక పొత్తమున ఉపదేశించినది. (మరల మట్టియే!) ఆ పొత్తము పేరును వెక్కిరించుచు చరిత్రకారుడు ఇ. పి. థామ్సన్ ఆ యేడే "ప్రొటెస్ట్ అండ్ సర్వైవ్" అను కరపత్రమును వ్రాయగా, ఆ పేరే ఈ ప్లేటులో నొక పాట పేరైనది. ఆ థామ్సను తండ్రి యెవరనుకొందురు? వంగదేశపు బాంకురాలో ఉపాధ్యాయుడుగా నుండి, రవీంద్రుని మిత్రుడై, ఆయనపై గ్రంథము వ్రాసిన ఎడ్వర్డ్ థామ్సన్! శాంతినికేతనపు చెట్టునీడనుండి స్టోకు గుండెకోతవఱకు గల దారి ఇంత దగ్గరిది.

తరువాతి కథ వేగముగా చెప్పవచ్చును. స్వీడనులోను జపానులోను ఈ దరువు పాతుకొని, డిస్‌ఫియర్, డిస్‌క్లోజ్ అనుచు "డిస్" అను తలకట్టుతో బృందములు పుట్టినవి. మన వైయాకరణులు చూచినచో దీనినొక క్రొత్త ఉపసర్గగా గణించియుందురు. కోతులు పుట్టిన జపానునకే వాని మీది కోపము తిరిగి చేరినది. 1998లో మెటాలికా ఈ ప్లేటులోని యొక పాటను తిరిగి పాడి లక్షలమందికి వినిపించెను. అనుకర్తలలో పలువురికి దరువు దక్కినదిగాని, తలుపులు వాల్చుకొని దాగవలసిన రాత్రి యొకటి వచ్చునేమో యను భీతి దక్కలేదు. ఆ భీతి లేని దౌడు నాకు వ్యాయామమువలె తోచును.

దరువుల మాటకు వచ్చినచో, మా అనంతపురపు జాతరలలో ఉరుము అను వాద్యము కలదు. దాని నొకవైపు కొట్టుదురు, మఱొకవైపు వంపు కఱ్ఱతో రాయుదురు. రాచినప్పుడు పుట్టు గుఱ్ఱుమను ధ్వని మేఘము పొట్టలోనిది. క్యాసెట్టుల కాలమున హిందూపురపు అంగళ్లలో సినిమా పాటలు గుట్టలుగా నుండినవి. ఉరుము చప్పుడుగల క్యాసెట్టు అడిగినచో నన్ను వింతగా జూచిరి. మాకును ఊరి యంగడివాడైన మైక్ స్టోన్ ఒకడు దొరకియుండిన, రత్నగిరి కోట క్రింద వినబడిన ఎన్ని దరువులు నేడు ప్లేటుగా నుండెడివో! సంతలో కుండను వ్రేలితో కొట్టి, ధ్వని విని కొనెడివారము. వినుటకు మాత్రము మాకు చెవులుండినవి.

పోయిన వేసవిలో, ఉరుము వాయించి చేతులు కాయలు గాచిన ఒక ముదుసలికి నా ఫోనునుండి ఈ ప్లేటును వినిపించితిని. మొదట మొగము చిట్లించెను. మూడవ పాటకు మంచపు కోడుపై వ్రేళ్లు కదలినవి. "ఎవురిమీదప్పా, ఇంత కోపము?" అనెను. బాంబు సంగతి చెప్పితిని, తల యూపెను. చివరి పాట ముగియగానే చేయి చాచి, "ఆ పక్క గూడా తిప్పి వెయ్యప్పా" అనెను. ఫోనును చేతబట్టుకొని, దాని రెండవ పక్కను ఒకసారి తిప్పి చూచితిని.