ముక్కు కొలత నుంచి నాగోబా జాతర దాకా: తెలుగు నేలపై మానవశాస్త్రం

ఒక సమూహాన్ని మరొక సమూహం నుంచి వేరుచేసేది ఏమిటన్న ప్రశ్నకు తెలుగు ప్రాంతాలకు సంబంధించిన మానవశాస్త్ర పరిశోధన సుమారు 130 ఏళ్ల కాలంలో మూడు చోట్ల జవాబు వెతికింది. మొదట భాషలోను, తరువాత శరీరంలోను, చివరకు క్రతువులోను, అంటే ఒక సమూహం నియమిత కాలంలో నియమిత క్రమంలో కలిసి జరుపుకునే ఆరాధనా విధానంలోను ఆ అన్వేషణ సాగింది. మూడు దశల్లోనూ పరిశోధకుల వెనుక పాలనాయంత్రాంగం ఉన్నదన్న సంగతిని, మూడో దశలో మాత్రమే పరిశీలనకు గురైనవారి మాటకు కొంత చోటు దొరికిందన్న సంగతిని గమనిస్తే తప్ప ఈ చరిత్ర పూర్తిగా బోధపడదు.

మొదటి దశ ఒక తెలుగు వ్యాకరణంతో ఆరంభమైంది. మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో వెలువడిన ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణపు పీఠికకు గమనికగా రాసిన వ్యాసంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో పాటు వేరొక భాషా కుటుంబానికి చెందినదనీ నిరూపించాడు. మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ నిఘంటువు, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక ఈ వాదానికి ఆధారాలయ్యాయి. 1856లో క్రైస్తవ మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్ ఈ కుటుంబానికి ద్రావిడమన్న పేరును స్థిరపరచి, గోండి భాషను కూడా అందులో చేర్చాడు. భాషల బంధుత్వాన్ని తెలిపే ఈ పేరు ఆ తరువాత మనుషుల రక్తసంబంధానికి గుర్తుగా మారడంతో పెద్ద పొరపాటుకు దారి ఏర్పడింది. భాషను ఒక తరంలో వదులుకోవచ్చు, ఇంకొకటి నేర్చుకోవచ్చు కనుక, రెండు సమూహాలు ఒకే కుటుంబపు భాషలు మాట్లాడినంత మాత్రాన వాటి పుట్టుక ఒకటేనని చెప్పడానికి వీలులేదు.

రెండో దశలో ఆ పొరపాటుకు అంకెల రూపం ఇచ్చినవాడు బ్రిటిష్ పాలనాధికారి హెర్బర్ట్ రిస్లీ. ముక్కు వెడల్పును దాని పొడవుతో భాగించి నూటితో గుణిస్తే వచ్చే సంఖ్యను నాసికా సూచిక అంటారు. బెంగాల్‌లో తీసిన కొలతలను ఆధారం చేసుకుని, ఈ సూచిక పెరిగేకొద్దీ కులానికి సమాజంలో ఉన్న స్థాయి తగ్గుతుందని రిస్లీ 1891లో ప్రతిపాదించాడు. పుట్టుకతో సంక్రమించే శరీర లక్షణాలను బట్టి మానవులను వర్గీకరించే జాతి భావనకు కులవ్యవస్థే సాక్ష్యమని దీని సారాంశం. 1901 జనాభా లెక్కలకు అతడే కమిషనరు కావడంతో ఈ ఊహకు ప్రభుత్వ ముద్ర పడింది. అదే కాలంలో మొదలైన జాతివర్ణన సర్వేలో మద్రాసు రాష్ట్రపు బాధ్యత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్‌కు దక్కింది. కె. రంగాచారి సహకారంతో 1909లో అతడు వెలువరించిన ఏడు సంపుటాల ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ గ్రంథంలో వివాహ నియమాలు, ఇంటిపేర్లు, గ్రామదేవతల కొలుపుల వంటి సంగతుల పక్కనే తల, ముక్కు కొలతలు చోటుచేసుకున్నాయి.

కొలతల పని నిరపాయంగా సాగలేదు. థర్‌స్టన్ తమలో మేలైనవారిని చంపి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడన్న భయంతో వయనాడు ప్రాంతపు పణియ స్త్రీలు పారిపోయారని అతడే రాసుకున్నాడు. అతడు పోలీసులకు కూడా శరీర కొలతల విద్యలో శిక్షణ ఇచ్చాడు. నేరస్వభావం వంశంలోనే ఉంటుందన్న నమ్మకంతో 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికీ విస్తరించాక, ఎరుకల వంటి సంచార సమూహాలు మొత్తంగా పోలీసు రిజిస్టర్లలోకి ఎక్కాయి. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో బాపట్ల దగ్గర వెలసిన స్టూవర్టుపురం అనే ఊరు ఈ సమూహాలను కట్టడిలో ఉంచేందుకు ఏర్పడినదే. చట్టం 1952లో రద్దయినా, ఆ ఊరి పేరుకు అంటిన మచ్చ చాలాకాలం చెరగలేదు.

జాతి సిద్ధాంతాన్ని దాని సొంత అంకెలే దెబ్బతీశాయి. 1932లో సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆ కొలతలను మళ్లీ పరిశీలించి, ముక్కు కొలతకూ కుల క్రమానికీ పొంతన ఉత్తర భారతంలోని ఒక ప్రాంతంలో తప్ప మిగిలిన చోట్ల లేదని చూపాడు. పంజాబు బ్రాహ్మణుడు మద్రాసు బ్రాహ్మణుడికంటే పంజాబు చమారుకే శారీరకంగా దగ్గరివాడన్న భావాన్ని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో గట్టిగా వినిపించాడు. అదే సంవత్సరం పి.సి. మహలనోబిస్ ప్రకటించిన గణాంక ‘దూరం’, ఇటువంటి కొలతలతో సమూహాలను పోల్చే ప్రయత్నం నుంచే పుట్టింది. అది నేటికీ గణాంకశాస్త్రంలో నిలిచి ఉంది. రిస్లీ సిద్ధాంతం మాత్రం నిలవలేదు.

మూడో దశకు నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు వేదిక అయింది. అటవీ చట్టాల వల్ల భూములు కోల్పోయిన గోండుల పక్షాన పోరాడిన కుమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పుల్లో మరణించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రుదేశ పౌరుడిగా హైదరాబాదు రాజ్యం దాటి వెళ్లరాదన్న ఆంక్షకు లోబడి ఉన్న వియన్నా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, చెంచుల అధ్యయనం తరువాత, ఆ పోరాటపు నేపథ్యంలో గోండుల మధ్యకు వచ్చి, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో నివసించాడు. 1948లో వచ్చిన అతని రాజగోండుల గ్రంథం ప్రధానంగా వంశాలు, దేవతలు, పురాణగాథలు అనే మూడింటి మీద నడిచింది. గోండు సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారిగా విడిపోయి ఉంటుంది. ఒకే విభాగంలో పెళ్లి సంబంధం కుదరదు. ప్రతి వంశానికీ పేన్ అనే కులదేవత, ఆ దేవత కథను కింగ్రి వాద్యంపై పాడే ప్రధాన్ గాయకుడు ఉంటారు. గోండుకు తాను ఎవరో తెలిపేది ఈ పాటే.

ఆదిలాబాదు ప్రాంతంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు సర్పదేవత నాగోబా పేరిట జరిగే జాతరలో ఈ వ్యవస్థ అంతా కంటికి కనిపిస్తుంది. గోండుల్లోని మెస్రం వంశీయులు హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఆ జలంతో నాగోబాకు మహాపూజ జరుగుతుంది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను భేటింగ్ అనే క్రతువులో దేవుడికి పరిచయం చేసేదాకా వారు పూర్తిగా మెస్రం ఇంటివారు కారు. అంటే ఇక్కడ వంశంలో చేరడానికి పుట్టుక ఒక్కటే మార్గం కాదు, క్రతువు కూడా మార్గమే. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేస్తారు కనుక, ఇతర కులాలతో ఉన్న బంధం కూడా ఆ క్రతువులోనే ఇమిడి ఉంది. అధికారులు గోండుల ఫిర్యాదులు వినడానికి ఈ జాతరలోనే దర్బారు జరిపే పద్ధతి 1940లలో హైమెన్‌డార్ఫ్ చొరవతో ఏర్పాటైంది. అది నేటికీ కొనసాగుతూ జాతరలో భాగమైపోయింది. క్రతువు మారకుండా ఉండే పాత అవశేషం కాదనీ, కొత్త అవసరాలను తనలో చేర్చుకోగలదనీ ఈ దర్బారు రుజువు చేస్తుంది.

అయినా సమూహాలను వేరుచేసేది ఏమిటని రాజ్యం అడిగే ప్రశ్న ఆగలేదు. దాని రూపమే మారింది. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగల గుర్తింపుకు సూచించిన ప్రమాణాల్లో ముక్కు కొలత లేదు, ప్రత్యేక సంస్కృతి ఉంది. 1976 చట్టంతో తెలంగాణలోని లంబాడాలు ఈ జాబితాలో చేరినప్పటి నుంచి గోండులకూ వారికీ మధ్య సాగుతున్న వివాదంలో ఆచారాలు, దేవతలు, పండుగలు హక్కులకు సాక్ష్యాలుగా ముందుకు వస్తున్నాయి. శరీరంలో గుర్తింపును వెతకడం ఎంత తప్పో, సంస్కృతిని మార్పులేని ప్రమాణపత్రంగా చూడడం కూడా అంతే తప్పు. ఎందుకంటే ఏ సమూహమైనా తన క్రతువును ఏటా మళ్లీ జరుపుకుంటూ, కోడలిని చేర్చుకున్నట్టే కాలాన్ని కూడా చేర్చుకుంటూ తన గుర్తింపును నిలుపుకుంటుంది తప్ప, ఒకసారి నమోదైన రూపంలోనే నిలిచిపోదు.