సర్పగంధి చెప్పిన రహస్యం

భయం కలిగినప్పుడు గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఆ సమయంలో మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథులు తమలో దాచుకున్న అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఖర్చయిన నిల్వను తిరిగి నింపమని గ్రంథికి ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు సమాధానం 1960లలో అమెరికాలో, బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో రూపుదిద్దుకుంది.

అడ్రినలిన్ తయారీకి ముడిసరుకు టైరొసిన్ అనే అమైనో ఆమ్లం. అది వరుసగా డోపా, డోపమిన్, నార్‌అడ్రినలిన్‌గా మారి, చివరికి అడ్రినలిన్ అవుతుంది. ఈ నాలుగు మెట్లకూ నాలుగు ఎంజైములు ఉన్నాయి. చివరి మెట్టు ఎంజైమును 1962లో జూలియస్ ఆక్సెల్‌రాడ్ వర్ణించాడు. మొదటిదైన టైరొసిన్ హైడ్రాక్సిలేస్‌ను 1964లో నగాట్సు, లెవిట్, ఉడెన్‌ఫ్రెండ్ కనుగొన్నారు. మొత్తం తయారీ వేగాన్ని నిర్ణయించేది ఈ మొదటి మెట్టే.

1965లో వర్ట్‌మన్, ఆక్సెల్‌రాడ్ ఒక విచిత్రం గమనించారు. పీయూష గ్రంథిని తొలగించిన ఎలుకల్లో చివరి ఎంజైము బాగా తగ్గిపోయింది. కార్టిసాల్ వంటి హార్మోను ఇస్తే మళ్ళీ పెరిగింది. అధివృక్క వల్కలంలో పుట్టే ఈ హార్మోన్లు లోపలి దవ్వకు రక్తం ద్వారా నేరుగా చేరుతాయి. ఎంజైముకు ఆజ్ఞ అందే ఒక దారి ఇలా తెలిసింది.

రెండవ దారిని చూపింది మన సర్పగంధి. ఈ మొక్క వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుంచి రెసర్పిన్‌ను వేరు చేశారు. నాడుల కొసల్లోని నార్‌అడ్రినలిన్ నిల్వలను ఈ మందు ఖాళీ చేస్తుంది. ఆ లోటును పూడ్చడానికి మెదడు నాడీ సంకేతాలను ఎక్కువ చేస్తుంది.

1969లో మ్యూలర్, థోనెన్, ఆక్సెల్‌రాడ్ ఎలుకలకు రెసర్పిన్ ఇచ్చి చూస్తే, అధివృక్కంలో టైరొసిన్ హైడ్రాక్సిలేస్ చర్య పెరిగింది. నాడిని ముందే కోసిన గ్రంథిలో ఆ పెరుగుదల లేదు. ప్రొటీన్ల తయారీని అడ్డుకునే మందులిచ్చినా పెరగలేదు. అంటే ఉన్న ఎంజైము చురుకవడం ఒక్కటే కాదు, కొత్త ఎంజైము తయారవుతున్నది. నాడీ సంకేతం కణంలోపలి తయారీ వ్యవస్థ దాకా చేరుతున్నదన్నమాట.

అయితే సంకేతం జన్యువును ఎలా తాకుతుంది? జన్యువుల క్రమం చదవగలిగాక, జవాబుగా అనులేఖన కారకాలు బయటపడ్డాయి. ఇవి జన్యువు ముందుభాగంలోని డీఎన్ఏకు అంటుకుని, ఆర్‌ఎన్ఏ నకలు ఎంత రాయాలో నిర్ణయించే ప్రొటీన్లు. టైరొసిన్ హైడ్రాక్సిలేస్ జన్యువు ముందు క్రెబ్, ఏపీ-1 వంటి కారకాలు కూర్చునే చోట్లున్నాయి. చివరి ఎంజైము జన్యువును ఈజీఆర్-1 మేల్కొలుపుతుందని డోనా వాంగ్ బృందం చూపింది. కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకం కూడా ఒక అనులేఖన కారకమే. ఆ విధంగా రక్తపు దారీ నాడీ దారీ జన్యువు ముంగిట కలుసుకున్నాయి.

న్యూయార్క్ మెడికల్ కాలేజీలో ఎస్తెర్ సబ్బాన్, బ్రాటిస్లావాకు చెందిన రిచర్డ్ క్వెట్‌నాన్‌స్కీ కలసి ఈ కథను ముందుకు నడిపారు. ఎలుకను కదలనీయకుండా ఒక్కసారి బంధిస్తే జన్యువు కొద్దిసేపే మేల్కొంటుంది. రోజుల తరబడి బంధిస్తే ఆ మెలకువ నిలిచిపోతుంది. ఫ్రా-2 అనే కారకం పేరుకుంటుంది. పదేపదే కలిగే ఒత్తిడి, మొదటిసారి కలిగిన ఒత్తిడికి కేవలం పునరుక్తి కాదు.

ఎలుకలో తేలినదంతా మనిషి రక్తపోటును వివరించదు. దానికి కారణాలు అనేకం. అయినా, గడిచిపోయిందనుకున్న ఆందోళన దేహంలో ఎక్కడ మిగిలి ఉండగలదో వెతికే చోటు ఒకటి ఈ పరిశోధనల వల్ల తెలిసింది.