గుమ్మం వద్ద ఆగిన లినక్సు

మా బండారులంక మగ్గాల ఊరు. పడుగు కుదరనిదే పేక నడవదని ఇక్కడి పిల్లలకూ తెలుసు. కంప్యూటరుకు బూటింగు అటువంటి పడుగు. పాత యంత్రంలో చక్కగా లేచిన లినక్సు యూఎస్‌బీ కొత్త ల్యాప్‌టాపులో లేవదేమని మిత్రులు అడుగుతుంటారు. కారణం చరిత్రలో ఉన్నది.

1981లో ఐబీఎమ్ పీసీతో మొదలైన బయాస్ పద్ధతి ఉదారమైనది. డిస్కులోని మొదటి 512 బైట్లు చదివి వాటికే పగ్గాలు అప్పగించేది. వచ్చినదెవరని విచారించేది కాదు. 2000లో వెలువడిన నాపిక్స్ వంటి లైవ్ సీడీలు హార్డుడిస్కును తాకకుండానే లినక్సును చూపగలిగినది ఆ ఉదారతవల్లనే.

2012లో విండోస్ 8తోపాటు యూఈఎఫ్‌ఐలోని సెక్యూర్ బూట్ వ్యాపించింది. విండోసుకు ముందే చొరబడే దుష్ట ప్రోగ్రాములను ఆపుట దాని ఉద్దేశము. సంతకము సరిపోలితేనే ప్రవేశము. ఉబుంటు, ఫెడోరా వంటివి మైక్రోసాఫ్టు సంతకము చేసిన ‘షిమ్’ అనే చిన్న ప్రోగ్రాము ద్వారా లోనికి పోగలవు. సంతకము లేనివి గుమ్మం వద్దనే ఆగును.

కనుక వరుసగా చూడండి. ఐఎస్‌ఓ ఫైలును ఊరక కాపీ చేసిన చాలదు, ఇమేజిగా వ్రాయవలెను. చెక్‌సమ్ సరిచూడవలెను. బూట్ మెనూలో యూఎస్‌బీని ఎన్నుకొనవలెను. అప్పటికీ లేవనిచో సెక్యూర్ బూట్ ఆపి చూడవచ్చు. బిట్‌లాకర్ ఉన్నచో రికవరీ కీ ముందే వ్రాసి ఉంచుకొనండి.

విండోస్ 8 నాటి పీసీలకు ఈ తాళము తీసే వీలు తప్పనిసరి. 2015లో విండోస్ 10 దానిని తయారీదారుల ఇష్టానికి వదిలినది. తెలుగువంటి భాషలకై చిన్న బృందాలు కూర్చే లినక్సులకు ఆ వీలే ఆధారము. ల్యాప్‌టాపు కొనేముందు అది ఉన్నదో లేదో అడిగి తెలుసుకొనండి.