కొల్లేటి ఎల్లలు: నామ, పాలనా చరిత్రల పరిశీలన

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పూడక మిగిలిన పల్లపు నేల కొల్లేరు. రెండు నదులూ ఒండ్రు పోసి ఇరువైపులా నేలను సముద్రంలోకి పెంచుకుంటూ పోగా మధ్య భాగం లోతుగానే నిలిచింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఇందులో కలుస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వానకారులో ఉబ్బి వేసవిలో కుంచించుకుపోయే ఇటువంటి జలరాశికి గట్టు ఎక్కడన్న ప్రశ్నకు ఏ రెండు నెలలకూ ఒకే సమాధానం ఉండదు.

ప్రాచీన ఆధారాలలో కనిపించేది నీరే, ఎల్ల కాదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె ప్రశస్తి రెండవ పులకేశి యుద్ధవర్ణనలో కునాల జలాలను పేర్కొంటుంది. దీనిని కీల్‌హార్న్ కొల్లేరుగా గుర్తించాడు. సముద్రగుప్తుని అలహాబాదు శాసనంలోని ‘కౌరాళక’ను కూడా ఇక్కడికే తేవాలంటే శాసనపాఠాన్నే సవరించవలసి వస్తుంది, దానిని ఆధారంగా గ్రహించడం సాహసమే. ఇంతకంటె గట్టి సాక్ష్యం ఊరి పేరులో ఉంది. విక్రమచోళుని తమిళ ప్రశస్తిలో తెలుగు భీముని ‘కుళం’, తెలుగున ‘కొలను’, సంస్కృతీకరించిన ‘సరసీపురి’ ఏలూరు ప్రాంతపు ఒకే పట్టణానికి పేర్లని చరిత్రకారులు భావించారు. పాలకులు మారినా, భాష మారినా ఊరు నీటి పేరుతోనే నిలిచింది.

గీతలు ఆధునిక పాలన తెచ్చినవి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు కైకలూరు వైపు బందరు కేంద్రంగా గల కృష్ణా జిల్లాలోను, ఆవలి భాగం కొత్త జిల్లాలోను నిలిచాయి. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా చేపల చెరువులను ప్రోత్సహించింది. కాలక్రమంలో అనేకం కౌలు పేరిట బయటివారి చేతికి పోయాయి. 1999లో +5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002 నాటి రామ్‌సర్ గుర్తింపులో విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఒకే సరస్సుకు మూడేళ్ళలో రెండు కొలతలు! 2006లో గట్లు కొట్టివేసినప్పుడు బయటి పెట్టుబడిదారునితో పాటు సంఘంలోని జాలరి కూడా జీవనాధారం కోల్పోయాడు. 2008లో శాసనసభ +3 అడుగులకు కుదించాలని తీర్మానించింది.

2022లో కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ కృష్ణాలోనే ఉన్నాయి. బుడమేరు మాత్రం పాత దారినే నడుస్తుంది. 2024 సెప్టెంబరులో గండ్లు పడి విజయవాడను ముంచిన ఆ ఏరు, గుడివాడ దాపున నందివాడ పొలాల మీదుగా కొల్లేటికే చేరవలసి ఉంది.