విరూపాక్షుని ఎదుటి లంక

మన తెలుగు సంఘములలో ఉగాదినాడు భువనవిజయ రూపకమును ఆడుట చిరకాలముగ వచ్చుచున్న ముచ్చట. అట్టతో చేసిన సింహాసనము, అద్దెకు తెచ్చిన జరీ తలపాగలు, పెద్దనగారి వేషమున ఒక లెక్కల మాస్టరు, తెనాలి రామకృష్ణుని వేషమున ఒక బ్యాంకు ఉద్యోగి. పద్యము వచ్చినవారు చదువుదురు, మరచినవారు దగ్గుదురు. చప్పట్లకు మాత్రము లోటుండదు. నేనును వరుసగా మూడేండ్లు ధూర్జటి వేషము వేసినవాడనే. రాయలు మనవాడని చెప్పుకొనుటలో మనకున్నంత ఉత్సాహము, రాయల నేలకు ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటలో లేదని నాకు చాలకాలమునుండి ఒక శంక. గంగావతి తాలూకాలో తెలుగు కుటుంబములు స్థిరపడి డెబ్బది యేండ్లు కావచ్చినది. మా పొలములకు కూతవేటు దూరమున జరిగిన ఒక వివాదమును మేమే సరిగా పట్టించుకొనలేదు. అదియే విరూపాపురగడ్డి కథ.

హంపిలో విరూపాక్షాలయమునకు ఉత్తరముగా తుంగభద్ర పారుచున్నది. ఆలయమునకు ఆవలి ప్రక్క, ఏటి పాయల నడుమ, ఒక మిట్టనేల కలదు. గోదావరి జిల్లానుండి వచ్చిన మా తాతగారు దానిని మొదటిసారి చూచి “ఇది మన లంకే కదురా!” అనిరట. వరిపొలములు, కొబ్బరిచెట్లు, ఏనుగులు పండుకొన్నట్లుండు బండరాళ్లు. వానకాలమున ఆనకట్టనుండి నీరు వదలినపుడు దాటుట కుదరదు. తక్కిన కాలమున పుట్టిలో దాటవచ్చును. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ పుట్టిని వర్ణించినాడు. బుట్టవలె గుండ్రముగా పేముతో అల్లి, వెలుపల తోలు కప్పి, పదునైదు ఇరువదిమందిని దాటింతురనియు, గుఱ్ఱములను ఎద్దులను సయితము ఎక్కింతురనియు వ్రాసినాడు. నగరమును రోముతో పోల్చినవాడును ఈతడే. ఐదు వందల యేండ్ల తరువాత మేము దాటినదియు ఆ బుట్టలోనే. తోలునకు బదులు ప్లాస్టిక్ గోనెలును తారును వచ్చినవి, అంతియే భేదము.

ఈ నది ఒకప్పుడు రెండు రాజ్యముల సరిహద్దు. దక్షిణమున హంపి మదరాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాకు చెందినది; ఉత్తరమున ఆనెగొంది నిజాము ఏలుబడిలోనిది. 1953లో బళ్ళారిలో అధికభాగము మైసూరు రాష్ట్రమున కలిసెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు వచ్చెను. 1956లో రాయచూరు కూడ మైసూరు చేరుటతో రెండు ఒడ్లును ఒక రాష్ట్రమున చేరినవి. అయినను జిల్లాలు మాత్రము వేరుగనే నిలిచినవి. గడ్డి నేడు 1997లో ఏర్పడిన కొప్పళ జిల్లాలోనిది. హంపి 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోనిది. గుడి ఒక కచేరీకి, గుడి ఎదుటి నేల మరియొక కచేరీకి లోబడియుండుటచే, ఒకరు చూచుకొందురని మరియొకరు ఊరకుండుట సులభమైనదని నా అభిప్రాయము.

మన కుటుంబములు ఈ ప్రాంతమునకు వచ్చినదియు ఆ 1953 ప్రాంతముననే. తుంగభద్ర ఆనకట్ట సిద్ధమై ఎడమ కాలువకు నీరు వచ్చునని తెలిసి, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అచ్చటి మాగాణి అమ్ముకొని, ఇచ్చట నల్లరేగడి కొని, గంగావతి, సింధనూరు తాలూకాలలో ‘క్యాంపులు’ కట్టుకొనిరి. తుమ్మలు నరికిరి, మడులు కట్టిరి, వరి నాటిరి. ఇది గొప్పకు చెప్పుట కాదు. రాయల నేలను మార్చినవారిలో మనమును ఉన్నామని జ్ఞప్తి చేయుటకు చెప్పుచున్నాను. అయితే పైరునకును కట్టడమునకును భేదము కలదు. విజయనగర ప్రభువులు త్రవ్వించిన కాలువలు ఇప్పటికిని పారుచున్నవి. తుర్తు కాలువ క్రింది అరటితోటల నడుమనుండియే యాత్రికులు హంపికి పోవుదురు. గుడిచెంత నీరు, పైరు ఉండుట ఆ నగరము పుట్టినప్పటి నుండియు ఉన్నదే.

1986లో యునెస్కో సంస్థ హంపి కట్టడములను ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చెను. 1988లో కర్ణాటక ప్రభుత్వము తన పురాతన కట్టడముల చట్టము క్రింద హంపి పరిసరములను రక్షిత ప్రదేశముగా ప్రకటించెను. ఈ రెండు సంగతులును గడ్డిమీద వరి పండించుకొను రైతునకు చాలకాలము పట్టలేదు. పిమ్మట విదేశీయులైన యువతీయువకులు పుట్టిలో దాటి వచ్చి, పాకలు అద్దెకు తీసికొని, నెలల తరబడి ఉండసాగిరి. వారి మూలముననే దానికి ‘హిప్పీ దీవి’ యను పేరు వచ్చినది. పాకలు గదులైనవి, గదులు రిసార్టులైనవి. భోజనశాలలు, అద్దె మోటారుసైకిళ్లు, రాత్రివేళ పాటలు. సేద్యము కొరకే యున్న నేల హోటలుగా మారినది.

నేను తప్పు చేయనివాడనని చెప్పుకొనను. హైదరాబాదునుండి వచ్చిన మా మేనల్లుని కుటుంబమును ఒక చలికాలమున అచ్చటికి తీసికొనిపోయితిని. వరిచేనున కెదురుగా పరుపులు పరచిన అరుగుమీద కూర్చుంటిమి. చేనికి ఆవల నది, నదికి ఆవల తొమ్మిది అంతస్తుల గోపురము, దానిమీద సాయంకాలపు ఎండ. కాఫీ ధర విని నేను ఉలికిపడగా మా మేనల్లుడు నవ్వి, “డబ్బు కాఫీకి కాదు మామయ్యా, ఈ చూపుకి” అనినాడు. ఆ మాట నాకు నచ్చినది. మరునాటి యుదయమున ఈవలికి వచ్చి, గుడి వెనుక స్నానఘట్టమున నిలిచి, అర్ఘ్యమిచ్చుటకు తల యెత్తితిని. ఎదుట రేకుల కప్పులు, తీగలకు వ్రేలాడు రంగుదీపములు, ఆరవేసిన దుప్పట్లు. నిన్న మేము కూర్చున్న అరుగే! మేము కొన్న చూపునకు వెల చెల్లించినవారు ఈ యొడ్డున నిలిచిన ఆ ముసలమ్మలు, ఆ భక్తులు అని అప్పుడు తోచినది. గుడిని చూచుటకు ఎచ్చట కూర్చుండవలెనని అందరును ఆలోచింతురు. గుడినుండి చూచినపుడు ఏమి కనబడవలెనని ఆలోచించువారు అరుదు. ప్రాకారముతో ఆలయము ముగియునని ఏ ఆగమము చెప్పినది? హేమకూటము, పంపాసరస్సు, ఆవలి యొడ్డున ఆంజనేయుని జన్మస్థానమని జనులు కొలుచు అంజనాద్రి, అన్నియు కలిసియే అది పంపాక్షేత్రము.

ఈ కథలో వంతెనల ప్రసక్తి రాక తప్పదు. పుట్టికి బదులు వంతెన కావలెనని ఉభయ తీరముల ప్రజలును కోరుట సహజము. ఆస్పత్రికి పోవలసిన గర్భిణికి నదీసౌందర్యముతో పనియేమి? కాని ఆనెగొంది వద్ద వాహనముల వంతెన, విరూపాపురగడ్డి వద్ద పాదచారుల వంతెన, రెండును రక్షిత ప్రదేశముననే లేచుటచే 1999లో యునెస్కో హంపిని ఆపదలోనున్న వారసత్వముల పట్టికలో వ్రాసెను. 2002లో రాష్ట్రము హంపి నిర్వహణకై ప్రత్యేక ప్రాధికార సంస్థను ఏర్పరచుచు చట్టము చేసెను. గడ్డివద్ద పాదచారుల వంతెనను విప్పివేసిరి. 2006లో హంపి ఆ పట్టికనుండి బయటపడెను. ఆనెగొంది వంతెన మాత్రము కట్టుచుండగనే 2009 జనవరిలో కూలెను. కూలీలు కొందరు మృతిచెందిరి. దాని కొంత దూరముననే రాయలనాటి రాతివంతెన స్తంభములు ఇంకను నీటిలో నిలిచియున్నవి! తుదకు వంతెనను బుక్కసాగరము, కడెబాగిలు గ్రామముల నడుమ, దిగువగా కట్టిరి. ఆ పని మొదటనే చేసియుండిన ఆ ప్రాణములు మిగిలెడివి. నేడు మా బండ్లన్నియు దానిమీదుగనే పోవుచున్నవి.

విడుదులను తొలగింపుమని ప్రాధికార సంస్థ ఆజ్ఞాపింపగా యజమానులు న్యాయస్థానమునకు పోయిరి. వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. 1988 ప్రకటనలో పేరుపేరున చెప్పిన కట్టడములకే రక్షణ కలదు గాని తమ లంక పేరు అందులేదని వారు వాదించిరి. ఉన్నత న్యాయస్థానము 2015లో వారికి ప్రతికూలముగా తీర్పు చెప్పెను. వారు సర్వోన్నత న్యాయస్థానమునకు పోయిరి. ఈలోగా 2019 ఆగష్టులో ఏరు పొంగి, గడ్డిమీద చిక్కుకొన్న యాత్రికులను వందల సంఖ్యలో పడవలతోను హెలికాప్టర్లతోను దాటింపవలసి వచ్చెను. లంక స్వభావమెరిగిన గోదావరివారికి ఇది వింత కాదు. లంకలో పాక వేయువాడు వరదనాటికి విప్పుకొని పోవుటకు సిద్ధముగ వేయును. 2020 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. రక్షణ విడివిడి కట్టడములకే కాక ప్రదేశమునకును వర్తించుననియు, ఆ నిర్మాణములు చట్టవిరుద్ధములనియు దాని సారము. మార్చి నెలలో యంత్రములు వచ్చి వానిని కూల్చివేసెను.

న్యాయము జరిగినదని సంతోషించి ఊరకుండవచ్చును. నాకు అంత సంతోషము కలుగలేదు; కారణము ఈవలి యొడ్డున కలదు. విరూపాక్షుని ముందు రథవీథికి ఇరుప్రక్కల రాతి మండపములున్నవి. అవి రాయలకాలమున అంగళ్లుగ కట్టినవే. ఆ మండపములలోను, వాని చెంతను, ఎన్నో యేండ్లుగా కుటుంబములు కాపురముండి, కొబ్బరికాయలు, పూలు, ఇడ్లీలు అమ్ముకొనుచుండిరి. 2011 జులై 29న ఆ యిండ్లను పడగొట్టిరి. మూడు వందలకు పైగా కుటుంబములు వీథిని విడువవలసి వచ్చెను. వారికిచ్చిన గడువు నిండుగా ఒక దినము కూడ లేదు. తరువాత కడ్డిరాంపురము దాపున స్థలములు చూపిరి. మండపములు చెడకుండ కాపాడవలెననుటలో నాకు భేదాభిప్రాయము లేదు. గోడ కట్టి స్తంభమును దాచుట, దానికి మేకులు కొట్టుట నేనును చూచినదే. కాని గుడిముందు పూలంగడి ఉండుట పేస్ నాటినుండి ఉన్న సంగతి. గుడియెదుట విహారశాల నిన్నటిది. నిన్నటిదానికి రెండు న్యాయస్థానముల మెట్లెక్కుటకు ఏండ్లు దొరికెను; పాతదానికి ఒక్కనాడు దొరకలేదు. చట్టము ఒకటేయైనను, వకీలును పెట్టుకొనగల వానియెడ అది నడచినట్లు నడచును, లేనివానియెడ పరుగెత్తును.

మరియొక మాట. గడ్డిమీద విడుదులు పోయిన తరువాత యాత్రికులు తగ్గలేదు. విడుదులు సాణాపురము వైపు జరిగినవి. గడ్డిలో వంట చేసినవారు, గదులు తుడిచినవారు, పుట్టి నడపినవారు మాత్రము ఏమైరో అడిగినవారు లేరు. మన క్యాంపులలో పొలమున్నవారిని ఇకమీదట మధ్యవర్తులు వచ్చి, “రెండెకరములు లీజుకీయండి, వరికన్న పది రెట్లు ముట్టచెప్పుదుము” అని అడుగకుండునా? అడిగినపుడు మనము ఏమందుము? మా యింటనే ఈ ప్రశ్నకు ఏకాభిప్రాయము లేదు. పెట్టుబడి రాని వరిని నమ్ముకొన్న మా తమ్మునికి నేను చెప్పగల సమాధానము నాకే తృప్తిగా లేదు.

కమలాపురము దగ్గర రాజప్రాసాదముల పోలికతో కట్టిన ఒక విలాసవంతమైన విడిదియు కలదు. కమానులు, గుమ్మటములు, కొలనులు, అన్నియు రాయలనాటి రీతినే. అట్టివి గుడికి దూరముగ ఉన్నంతవరకు నాకు పెద్ద అభ్యంతరము లేదు. మా అట్ట సింహాసనమునకును దానికిని భేదము ధరలోనే. కాని మేము రూపకము ముగియగనే అట్టను మడిచి అటకమీద పెట్టుదుము.

మొన్నటి ఉగాదికి ముందు, వేషములు వేయవలసిన పిల్లలను సంఘమువారు బస్సులో హంపికి తీసికొనిపోయిరి. మహానవమి దిబ్బ చెంత రాజుగారి కొలువుకూటమని చెప్పు చోటు కలదు. కొయ్య స్తంభములు, పైకప్పు ఏనాడో పోయినవి. పదేసి చొప్పున పది వరుసలుగా స్తంభములు నిలిచిన రాతిగుర్తులు మాత్రము మిగిలినవి. ఈయేడు పెద్దన వేషము వేయు పిల్లవాడు ఒక రాతిమీదికెక్కి చేతులు చాచి పద్యమెత్తుకొనెను. తక్కిన పిల్లలును తలకొక రాతిమీద నిలిచిరి. అంతలో కావలివాడు దూరమునుండి ఈలవేసి దిగుమని చేయి ఊపెను. పద్యము మధ్యలో ఆపి, పిల్లలందరును దిగిరి.