రథకారుడెవరు? – పికప్ బండి, దాని దీపాల కథ

పూర్వమీమాంసలో రథకారాధికరణమని ఒకటి ఉన్నది. రథకారుడు వర్షర్తువులో అగ్న్యాధానం చేయాలన్న విధిని పట్టుకొని మీమాంసకులు ఒక ప్రశ్న లేవనెత్తారు. రథకారుడంటే రథం చేసిన వాడెవడైనా సరేనా, లేక ఆ పేరుతో లోకంలో ప్రసిద్ధమైన ఒకానొక కులానికి చెందినవాడేనా? మొదటిది యోగార్థం, రెండవది రూఢ్యర్థం. యోగం కన్న రూఢి బలీయమని నిర్ణయించి, రెండవ అర్థాన్నే వారు స్థిరపరచారు. విద్వాన్ పరీక్షకు చదివే రోజుల్లో యోగరూఢులకు ఉదాహరణగా విన్న ఈ చర్చ, అమెరికాలోని పికప్ బండి చరిత్ర చదువుతుంటే మళ్ళీ తలపునకు వచ్చింది. ఆ బండి విషయంలోనూ నూరేళ్ళుగా నలుగుతున్న తగవు ఇదే. బండి చేసినవాడెవడు? కర్మాగారమా, కొనుక్కొని కోసి అతికి దీపాలు తగిలించుకున్న యజమానియా?

ముందు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనుక మూతలేని తొట్టి, ఇదే పికప్ స్వరూపం. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు ఇది నిత్యం కనబడే బండియే. తొట్టికి ఇనుప గొట్టాలతో కట్టిన చట్రం, క్యాబిన్ నెత్తిన వరుసగా నాలుగు దీపాలు, ఇంట్లో వెల్డింగు చేసుకున్న ముందు బంపరు – ఇలాంటి అలంకారాలతో తిరిగే బండ్లను చూసి అది కుర్రకారు సరదా అనుకోవడం సహజం. కాని చరిత్ర విప్పి చూస్తే, మార్పులు చేయడం ఆ బండికి తర్వాత అబ్బిన గుణం కాదు, దాని పుట్టుకలోనే ఉన్నది.

ఫోర్డు కంపెనీ మోడల్ టి కారు 1908లో వచ్చింది. కొన్న రైతులు దానిని కారుగా మాత్రమే ఉంచలేదు. వెనుక భాగం ఊడదీసి చెక్కపెట్టె బిగించి పాలు, కూరగాయలు బజారుకు తోలుకున్నారు. వెనుక చక్రాన్ని ఒకదాన్ని పైకి లేపి, దానికి పట్టా తగిలించి రంపాలు తిప్పారు, నీళ్ళు తోడారు. కారును ట్రాక్టరుగా మార్చే సామగ్రిని అమ్మే వ్యాపారులూ బయలుదేరారు. 1917లో ఫోర్డు సంస్థ మోడల్ టిటి అనే ఒక టన్ను బండిని తెచ్చినప్పుడు, 600 డాలర్లకు ఛాసిస్ మాత్రమే ఇచ్చింది. క్యాబిన్, పెట్టె కొన్నవాడే చేయించుకోవాలి. అంటే ఆ బండికి సగం కర్త కర్మాగారమయితే, తక్కిన సగం కర్త ఊరి వడ్రంగి.

రైతు చేస్తున్న పనిని కర్మాగారం గమనించి, తానే చేసి అమ్మడానికి మరి ఎనిమిదేళ్ళు పట్టింది. 1925 ఏప్రిల్ 15న ఫోర్డు సంస్థ పికప్ తొట్టితో కూడిన రనబౌట్ ను ప్రకటించింది. వెల 281 డాలర్లు. ఉక్కుతొట్టి పొడవు 56 అంగుళాలు, వెడల్పు 40 అంగుళాలు. వెనుక తలుపు తెరిచి మూయవచ్చు. బరువు మోయడానికి గట్టి కమానుకట్టలు వేశారు. ఆ ఏడాదే దాదాపు 34 వేల బండ్లు తయారయ్యాయి. కర్మాగారం నుంచి పూర్తిగా తయారై వచ్చిన తొలి పికప్ అని దీనిని చరిత్రకారులు చెబుతారు. నిజానికి అది పేరులేని వేలాది రైతుల చేతిపనికి కర్మాగారం తీసిన శుద్ధప్రతి.

ఇక దీపాల సంగతి. తొలినాటి మోటారు బండ్లకు కిరోసిన్ దీపాలు, ఎసిటిలీన్ వాయుదీపాలు ఉండేవి. అగ్గిపుల్లతో వెలిగించుకోవాలి. గాలివానలో అవి ఆరిపోయేవి. 1912 నమూనా కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు, దానితో పాటు విద్యుద్దీపాలు వచ్చాయి. 1915 నమూనా నాటికి మోడల్ టి కారుకూ విద్యుద్దీపాలు అమర్చారు. కాని వాటికి కరెంటు ఇచ్చేది బ్యాటరీ కాదు, ఇంజనుతో తిరిగే మాగ్నెటో. ఇంజను వేగంగా తిరిగితే దీపం దేదీప్యమానం, నెమ్మదిస్తే మినుకుమినుకు. చీకట్లో గతుకుల బాట వచ్చి బండి వేగం తగ్గించగానే, సరిగ్గా వెలుగు కావలసిన చోటనే వెలుగు సన్నగిల్లేది. అందుచేత డ్రైవర్లు చిన్న గేరులో ఇంజనును రొదపెట్టిస్తూ దారి చూసుకునేవారు. రొద మరీ ఎక్కువయితే బల్బు మాడిపోయేది. ఇటువంటి బండి చేతికి వచ్చినవాడు అదనంగా ఒక దీపమో, బ్యాటరీయో తెచ్చి తగిలించుకున్నాడంటే అది విలాసం కాదు, ప్రాణావసరం.

తక్కిన బండ్ల దీపాలదీ అంతంతమాత్రపు స్థితియే. దీపపు గిన్నెలోకి దుమ్ము, తడి చేరి లోపలి అద్దం మసకబారేది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నిబంధన. దీనికి విరుగుడుగా 1940 నమూనాల నుంచి అమెరికాలో మూసివేసిన దీపం వచ్చింది. గాజు, అద్దం, తీగ మూడూ ఒకే ముద్దగా అతికి లోపలికి గాలి చొరకుండా చేసిన ఏడంగుళాల గుండ్రని దీపం అది. బండి ఏదయినా దీపం అదే. తీగ మాడితే ఏ ఊరి దుకాణంలోనయినా దొరికే దీపాన్ని తెచ్చి పెట్టుకోవచ్చు. సామాన్యుడికి ఇది గొప్ప ఉపకారం. అయితే ఉపకారంతో పాటు ఒక కట్టడి కూడా వచ్చి కూర్చున్నది. ఐరోపాలో 1962లో హాలోజన్ బల్బు కార్లకెక్కింది. అందులో ఆవిరై ఎగిరిన టంగ్‌స్టన్ రేణువులు మళ్ళీ తీగమీదికే చేరుతాయి కనుక గాజు నల్లబడదు, వెలుగు తగ్గదు. అమెరికా చట్టం మాత్రం బల్బు మార్చుకోగల హెడ్ లైట్లను 1983 దాకా ఒప్పుకోలేదు. ఐరోపా దీపాలను తెప్పించుకొని రహస్యంగా బిగించుకున్న ఔత్సాహికులు చట్టం దృష్టిలో నేరస్థులు, తమ దృష్టిలో వివేకవంతులు.

రెండవ ప్రపంచయుద్ధానంతరం ఈ స్వయంకృషికి కొత్త ఊపు వచ్చింది. సైన్యంలో యంత్రాలు బాగుచేయడం నేర్చిన యువకులు ఇళ్ళకు తిరిగివచ్చారు. యుద్ధంలో మిగిలిన సామాను చౌకగా దొరికింది. 1946లో బిల్ బర్క్ అనే ఆయన యుద్ధవిమానానికి కింద తగిలించే పెట్రోలు తొట్టిని కొని, దానినే పందెపు బండికి శరీరంగా మలిచాడు. ఇటువంటివారికి విడిభాగాలు చేసి అమ్మే చిన్న చిన్న కొట్లు కాలిఫోర్నియాలో వెలిసి, 1963లో సెమా అనే సంఘంగా ఏర్పడ్డాయి. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పం పొడవునా, టిహువానా నుంచి లా పాజ్ దాకా, ఎడారి బాటల్లో తొలి పందెం జరిగింది. పగలూ రాత్రీ సాగే ఆ పందెంలో మామూలు హెడ్ లైట్లు చాలవు. దూరానికి పారే దీపాలకు అక్కడ గిరాకీ పుట్టింది. పసుపుపచ్చని మూతమీద నవ్వుముఖం బొమ్మ గల దీపాలతో ప్రసిద్ధికెక్కిన కెసి హైలైట్స్ సంస్థ 1970లో మొదలైంది. 1985లో వచ్చిన బ్యాక్ టు ది ఫ్యూచర్ సినిమాలో నల్లని టయోటా పికప్ మీద మెరిసినవీ ఆ తరహా దీపాలే. ఎడారికి పోని కుర్రవాళ్ళు కూడా ఎడారి దీపాలు పెట్టుకోవడం అప్పటికే వాడుక అయింది.

ఈ దీపాలు బిగించడానికి కొంత విద్య కావాలి. నూరు వాట్ల దీపం పన్నెండు వోల్టుల మీద ఎనిమిది ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. నాలుగు దీపాలయితే ముప్పై మూడు. ఇంత భారాన్ని క్యాబిన్‌లోని చిన్న స్విచ్చి మోయలేదు, మాడిపోతుంది. అందుకని మధ్యలో రిలే పెడతారు. స్విచ్చి కొద్దిపాటి కరెంటుతో రిలేను మాత్రం పలకరిస్తుంది, అసలు బరువు రిలే మోస్తుంది. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పనిసరి. సన్నతీగతో సరిపెట్టుకున్నవాడి బండి తగలబడుతుంది. ఇంటి వెనుక కొట్టంలో ఈ సూత్రాలు నేర్చుకున్నవారు బడిలో నేర్చినవారి కంటె తక్కువ వారేమీ కారు.

చట్టమే రథకారులను పుట్టించిన సందర్భాలు రెండున్నాయి. మొదటిది కాస్త హాస్యాస్పదం. అమెరికా కోళ్ళమీద ఐరోపా దేశాలు సుంకం పెంచాయి. దానికి ప్రతీకారంగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ బ్రాందీ, బంగాళాదుంపల పిండి తదితరాలతో పాటు దిగుమతి అయ్యే చిన్న ట్రక్కులపై 25 శాతం సుంకం విధించాడు. దీనికి కోళ్ళసుంకమని పేరు. తొట్టి లేని క్యాబిన్–ఛాసిస్‌కు మాత్రం 4 శాతమే. జపాను కంపెనీలు ఈ సందు కనిపెట్టి, తొట్టి లేకుండా బండ్లను ఓడల్లో పంపి, అమెరికా ఒడ్డున తొట్టి బిగించాయి. టయోటా తొట్లు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తయారయ్యేవి. 1980లో ప్రభుత్వం ఆ సందు మూసింది. పికప్ మళ్ళీ కొంతకాలం, మోడల్ టిటి నాటి వలెనే, సగం బండిగా వచ్చి ఒడ్డున పూర్తయిందన్నమాట.

రెండవది 1958 ప్రాంతపు ముచ్చట. మెక్సికన్ అమెరికన్ యువకులు కమానులు కోసి బండ్లను నేలకు ఆనేంత కిందికి దించేవారు. చక్రపు అంచు కంటె బండి కిందికి ఉండరాదని కాలిఫోర్నియా శాసించింది. రాన్ అగిర్రే అనే యువకుడు విమానాల్లో వాడే హైడ్రాలిక్ భాగాలు తెచ్చి తన కార్వెట్ కారుకు అమర్చాడు. పోలీసు కనబడితే బండి లేస్తుంది, పోగానే కుంగుతుంది! ఆ విద్య తర్వాత పికప్పులకూ పాకింది. ఆ నిషేధాన్ని కాలిఫోర్నియా 2024 జనవరి 1 నుంచి తొలగించింది. నిషేధం పోయింది గాని, దానివల్ల పుట్టిన కళ నిలిచింది.

ఇంతవరకు రథకారుని పక్షం వినిపించాను. ఎదుటి పక్షం కూడా వినాలి. ఎదురుగా వచ్చేవాడి కన్ను ఆ పక్షం.

డిమ్ లైటు కిరణాలు పైకి పోకుండా ఒక గీత దగ్గర తెగేటట్టు దీపపు గిన్నెను లెక్కకట్టి చేస్తారు. గిన్నెలో తీగ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది. హాలోజన్ తీగ కోసం చేసిన గిన్నెలో ఎల్ఇడి బల్బు తెచ్చి దూరిస్తే వెలుగు పుట్టే చోటు, ఆకారం మారి కిరణాలు చెదిరిపోతాయి. నడిపేవాడికి ముందున్న నేల తెల్లగా మెరిసి, ఎక్కువ కనిపిస్తున్నట్టు భ్రమ కలుగుతుంది. ఎదుటివాడికి ఆ క్షణం అంధకారం. పెద్ద చక్రాలు వేసి బండిని అడుగు ఎత్తు లేపి, దీపాల వాలు సరిచేసుకోకపోయినా ఫలితం అదే. ఎదుటి బండి ఉన్నంత మేర మాత్రం వెలుగును తగ్గించుకునే హెడ్ లైట్లను అమెరికా 2022 ఫిబ్రవరిలో అనుమతించింది. యంత్రానికి మర్యాద నేర్పవలసి వచ్చిందన్నమాట.

మనకు ఇది పరాయి కథ కాదు. మన లారీ కూడా చిరకాలం ఛాసిస్‌గానే వచ్చేది. విజయవాడ ఆటోనగర్‌లో వడ్రంగులు, కమ్మరులు, రంగులవారు కలిసి దానికి చెక్క క్యాబిన్, డాలా కట్టి, నెత్తిన దేవుడి పేరు రాసి పంపేవారు. ఎదుటివారికి కళ్ళు చెదరకుండా హెడ్ లైటు పైభాగాన నల్లరంగు పూసే అలవాటు వారిదే. ఖర్చులేని ఆ నల్లచుక్కలో ఎంత లోకజ్ఞానం ఉన్నదో నేటి ఎల్ఇడి దీపాల మధ్య రాత్రిపూట రోడ్డు దాటే నాబోటి ముసలివాళ్ళకు తెలుస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే గట్టిగా ధ్రువపరచింది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. ఎండలో వేగిపోయే డ్రైవరుకు ఇది న్యాయమే. కాని ఉలితో క్యాబిన్ చెక్కిన చేతికి ఇక పని తక్కువ.

చట్టం రూఢిని నమ్ముతుంది. కర్మాగారమే రథకారుడు. మీమాంసకుల పద్ధతిలో ఇది నిలిచే తీర్పే. కాని పికప్ పుట్టుకను చూసినవాడికి యోగార్థం మీద మమకారం పోదు. చేసినవాడే రథకారుడు అనిపిస్తుంది. ఈ రెంటికీ సమన్వయం నాకు తోచినంతలో ఇది. తొట్టి, రంగు, చెక్క, లోపలి అమరిక యజమాని సొత్తు. వాటిలోని మంచిచెడ్డలు చాలావరకు అతనివే. దీపం అటువంటిది కాదు. అది బండికి బిగించి ఉన్నా, దాని ఫలం ఎదుటివాడి కంట్లో పడుతుంది. కనుక తొట్టి దగ్గర చట్టం కొంత సడలవచ్చు, దీపం దగ్గర సడలరాదు.

మీ ఊళ్ళలో లారీ క్యాబిన్లు కట్టిన పనివారి పనిముట్ల పేర్లు, వారి మాటలు ఎరిగిన మిత్రులెవరయినా ఉంటే ఆ చేతులు ఉండగానే రాసిపెట్టండి. నిఘంటువులకు ఎక్కని తెలుగు అక్కడ చాలా ఉన్నది.