చుక్కలు చూసే చదువు

"చుక్కలు చూడ్డానికి అయిదేళ్ళ చదువేంటి బాబూ? వాణ్ణి ఇంటికొచ్చేసి మా పెరట్లో పంపు కింద కూర్చోమను. రోజంతా ఉచితంగా చూడొచ్చు."

ఇది నా పాత రూమ్మేటు వాళ్ళ నాన్నగారి డైలాగు. మావాడు మూడేళ్ళ క్రితం నిక్షేపంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరాడు. వెంట్రుక మందంలో ఉండే కాలవల్లో, నూనె మధ్యలో నీటి చుక్కలు ఎలా పుడతాయి, ఎలా నడుస్తాయి అన్నది వాడి టాపిక్కు. మైక్రోఫ్లూయిడిక్స్ అంటారు దీన్ని. నిజం చెప్పొద్దూ, అప్పుడు నేనూ పెద్దాయన పార్టీనే. "ఒరేయ్, ఇంటి లోను ఉంది, చెల్లెలి పెళ్ళి ఉంది, ఇప్పుడీ చుక్కలేంట్రా?" అని గంటసేపు క్లాసు పీకాను. వాడేం వాదించలేదు. "తీరికున్నప్పుడు చదువు" అని ఒక పేపరు మెయిల్ చేసి వెళ్ళిపోయాడు. నాకు తీరిక దొరకడానికి రెండేళ్ళు పట్టింది. అది చదివాక దాని వెనక కథంతా తవ్వాను.

పెద్దాయన ఎగతాళిగా అన్నా, ఈ కథ నిజంగానే పంపు దగ్గరే మొదలైంది. పంపు కాస్త సన్నగా తిప్పి చూడండి. పైన తాడులా దిగే ధార, కొంత దూరం పోయాక చుక్కలుగా తెగిపోతుంది. ఎందుకు తెగాలి? ఫ్రాన్సులో సవార్ 1833లోనే దీని మీద ప్రయోగాలు చేశాడు. తర్వాత బెల్జియంలో జోసెఫ్ ప్లాటో (గ్రీకు తత్వవేత్త కాదండోయ్, ఈయన భౌతిక శాస్త్రవేత్త) దీని వెంట పడ్డాడు. ఈయనకి నలభై ఏళ్ళు దాటిన కొద్దికాలానికే చూపు పోయింది. ప్రయోగాలు వేరేవాళ్ళు చేసి చూసింది చెబుతుంటే, ఈయన ఆలోచించేవాడు. 1873లో ఆ పనంతా పుస్తకంగా తెచ్చాడు. ధార మీద అలలా వచ్చే ఒంపు పొడవు, ధార చుట్టుకొలత కంటే ఎక్కువైతే ఆ ఒంపు పెరిగి పెరిగి ధారని తెంపేస్తుందని తేల్చాడు. కారణం తలతన్యత. ఎప్పుడూ ఉపరితలాన్ని తగ్గించుకోవాలనే దాని తాపత్రయం. అదే నీరు పొడుగు ధారగా ఉన్నప్పటి కంటే గుండ్రటి చుక్కలుగా ఉంటే ఉపరితలం తక్కువ కదా. అన్నిటికంటే వేగంగా పెరిగే ఒంపు ధార వ్యాసానికి సుమారు 4.5 రెట్లు ఉంటుందని ఆ తర్వాత కొన్నేళ్ళకే ఇంగ్లండులో రేలీ లెక్కగట్టాడు.

దీనివల్ల అప్పట్లో ఏం ఒరిగింది? దాదాపు ఏమీ లేదు.

1960లలో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ సిరా ధారని క్రమంగా చుక్కలు చేసి, ఒక్కో చుక్కకీ విద్యుదావేశం ఇచ్చి, కావలసిన చోటికి వంచి గీతలు గీయించాడు. లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్‌వైలర్ అదే పద్ధతిని 1965లో జీవకణాల మీద వాడాడు. సిరా బదులు కణాలున్న ద్రవం. కావలసిన కణం ఉన్న చుక్క ఒక గిన్నెలోకి, మిగతావి ఇంకో గిన్నెలోకి. కణాల్ని వేరుచేసే యంత్రాలు అలా మొదలయ్యాయి.

ఇవన్నీ గాల్లో ఎగిరే చుక్కలు. కాలవల్లో సంగతి వేరు, అక్కడ గోడలుంటాయి. సన్నటి గొట్టంలో పొడుగాటి బుడగ కదులుతుంటే, దానికీ గోడకీ మధ్య మిగిలే ద్రవపు పొర ఎంత మందం ఉంటుందో 1961లో బ్రెథర్టన్ లెక్కగట్టాడు. ఆ పేపరు నలభై ఏళ్ళ తర్వాత మైక్రోఫ్లూయిడిక్స్ వాళ్ళకి పాఠ్యపుస్తకం లాంటిదైంది.

ఇక మనవాళ్ళకి బాగా అర్థమయ్యే మలుపు ఒకటుంది. మొదట్లో ఇలాంటి కాలవలు సిలికాన్ మీదా గాజు మీదా చెక్కేవారు. ఖరీదు ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. 1998లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం మెత్తటి సిలికోన్ రబ్బరుని అచ్చులో పోసి, డిజైన్ దగ్గర్నుంచి పనిచేసే పరికరం దాకా 24 గంటల లోపు తయారుచేసే పద్ధతి ప్రకటించింది. బిల్డ్ టైము నెలల నుంచి ఒక్క రోజుకి పడిపోతే ఏమవుతుందో మనకి తెలియనిదా? తప్పులు చేసే స్వేచ్ఛ వస్తుంది.

2001లో కాల్‌టెక్‌లో థోర్సెన్, క్వేక్, వాళ్ళ సహచరులు ఇంగ్లీషు 'టి' అక్షరం ఆకారంలో కాలవ చేసి, ఒక దారిలో నూనె, అడ్డదారిలో నీరు పంపారు. కూడలి దగ్గర నీరు చుక్కలు చుక్కలుగా తెగి, ముత్యాల దండలా వరసకట్టింది. చుక్క ఎందుకు తెగుతోందో 2006లో గార్‌స్టెకీ, వైట్‌సైడ్స్ వాళ్ళు వివరించారు. ప్రవాహం నెమ్మదిగా ఉన్నప్పుడు, పుడుతున్న చుక్క కాలవకి అడ్డం పడుతుంది. వెనక నూనె ఒత్తిడి పెరిగి దాని మెడ నొక్కి తెంపుతుంది. అంచేత చుక్క పొడవు ముఖ్యంగా నీరు, నూనె ప్రవాహాల నిష్పత్తి మీదే ఆధారపడుతుంది. మీట ఎంత తిప్పితే చుక్క అంత.

ఇంకో చిక్కుంది. ఇంత చిన్న కాలవల్లో సుడులుండవు. రెండు ద్రవాలు పక్కపక్కనే పోతాయి గానీ త్వరగా కలవవు. 2003లో షికాగో విశ్వవిద్యాలయంలో ఇస్మగిలోవ్ బృందం చుక్కల్ని వంకర టింకర కాలవల్లో పరిగెత్తించింది. ప్రతి మలుపులోనూ చుక్క లోపలి ద్రవం, పరోటా పిండిని సాగదీసి మడత పెట్టినట్టు మడత పడుతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి కలిసిపోతుంది. అలా ప్రతి చుక్కా ఒక బుల్లి టెస్ట్‌ట్యూబ్ అయింది.

మావాడు నాకు పంపిన పేపరు 2007 నాటిది. సైన్స్ పత్రికలో మను ప్రకాశ్, నీల్ గెర్షెన్‌ఫెల్డ్ రాసింది. ఈ ప్రకాశ్ ఐఐటీ కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్సు చదివిన మనిషి. అందులో బుడగ అంటే ఒక బిట్. కాలవ రెండుగా చీలిన చోట బుడగ మామూలుగా అడ్డు తక్కువున్న దారిలోకి పోతుంది. అదే సమయానికి ఆ దారిలో ఇంకో బుడగ ఉంటే అడ్డు పెరిగి, ఇది రెండో దారి పడుతుంది. అంటే రెండో దారిలో బుడగ కనిపించిందంటే రెండూ కలిసి వచ్చాయన్నమాట. అదేగా యాండ్ గేటు! ఫ్లిప్‌ఫ్లాపు, కౌంటరు కూడా చేసి చూపించారు. మనం ల్యాబులో బ్రెడ్‌బోర్డు మీద 7474 గుచ్చి, ఎల్ఈడీ వెలగక తల పట్టుకున్నాం చూడండి, అదే. ఇది సిలికాన్‌తో వేగంలో పోటీ పడదు, పడాలని ఎవరూ అనుకోలేదు. అసలు గమ్మత్తు ఏంటంటే, మన బిట్ సమాచారం ఒక్కటే మోస్తుంది. ఈ బిట్ తనతోపాటు మందునో, కణాన్నో కూడా మోసుకెళ్ళగలదు.

'ఉపయోగం ఏంటి' అనేవాళ్ళకి (అంటే మూడేళ్ళ క్రితం నాకు) రెండు ఉదాహరణలు. 2011లో వచ్చిన పరికరాలు 20 మైక్రోలీటర్ల నమూనాని సుమారు 20,000 చుక్కలు చేసి, ప్రతి చుక్కలోనూ వెతుకుతున్న డీఎన్ఏ ఉందా లేదా చూస్తాయి. ఎన్నో అవును, ఎన్నో కాదు. అరుదైన మార్పునీ లెక్కపెట్టొచ్చు. 2015లో హార్వర్డ్ పరిశోధకులు ఒక్కో కణాన్నీ ఒక్కో చుక్కలో పెట్టి, బార్‌కోడు తగిలించి, ఎలుక రెటీనాలో 44,808 కణాలని చదివి 39 రకాలుగా విడదీశారు. ఒకే చుక్కలో రెండు కణాలు పడకూడదని చాలా చుక్కల్ని ఖాళీగానే పోనిస్తారు. కొలిజన్లు తగ్గించడానికి మనం హాష్ టేబుల్లో ఖాళీలు వదలమూ? అలాగే.

చూపు లేని ప్లాటోకి ఈ బార్‌కోడు కణాలు కలలో కూడా వచ్చుండవు. సవార్‌ని 'మూడు నెలల్లో డెలివరబుల్ ఏంటి' అని అడిగుంటే ఏం చెప్పేవాడు? మనం రోజూ స్టాండప్ మీటింగులో అడిగేది ఆ ప్రశ్నే. పొట్టకూటికి అది తప్పదు. కానీ ఒక స్నేహితుడి జీవితం మీద ఆ కొలబద్ద పెట్టడానికి నేనెవర్ని?

మొన్న ఆదివారం వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి ఇదంతా ఓపిగ్గా చెప్పాను. పంపు, ప్లాటో, బుడగలు, రెటీనా, అన్నీ. పెద్దాయన పూర్తిగా విన్నారు. పంపు సంగతికి నవ్వారు కూడా. తర్వాత కాసేపాగి, "బాగానే ఉంది బాబూ. మరి వాడికి ఉద్యోగం ఎప్పుడొస్తుంది?" అన్నారు.

ఆ ప్రశ్నకి రేలీ దగ్గర సూత్రం లేదు. నా దగ్గరా లేదు. "మీరు కంగారు పడకండి, నేనున్నాగా" అని మాత్రం అన్నాను. మూడేళ్ళ క్రితమే అనాల్సిన మాట.